ఒక్క రింగు

మాణిక్యాన్ని చూసిన మొదటి నిమిషంలోనే సయీదాకి ఒళ్లు మండింది. అప్పటికి అతను చేసిన తప్పేమీ లేదు పాపం. మొహానికి మాస్కు, చేతులకి రబ్బరు తొడుగులు వేసుకుని కిటికీ అవతల నిలబడి ఉన్నాడంతే. కానీ మాస్కు వెనకాల నవ్వుతున్నాడని కళ్లు చెప్పేస్తున్నాయి. జ్వరంతో వణికిపోతున్న ఆడమనిషి ముందు నవ్వగలిగినవాడు ఏ పనైనా చెయ్యగలడని ఆమె అనుకుంది. ఆ వారంలో ఆమె అనుకున్నవి చాలా తప్పాయిగానీ, అది మాత్రం తప్పలేదు.

"నేను డాక్టర్ని కాదమ్మా, కంట్రోల్ రూమ్ నుంచి వచ్చాను. మీ ఫోనొకసారి ఇవ్వండి," అన్నాడు.

"జ్వరం నాకొచ్చింది. ఫోనుకి రాలేదు."

"ఫోను మీద కూడా క్రిములుంటాయమ్మా. అందరివీ తీసుకుంటున్నాం. వెళ్లేటప్పుడు ఇచ్చేస్తాం."

సయీదా ఇవ్వనంది. పక్కనున్న నర్సు ఆమె దిండు కింద చెయ్యి పెట్టి తీసి ఇచ్చేసింది. మాణిక్యం దాన్ని ప్లాస్టిక్ కవర్లో వేసి, పైన ఆమె పేరు రాసుకుని పట్టుకుపోయాడు. సయీదా ఏడవలేదు. తిట్టింది. ఉర్దూలో తిట్టింది, ఉర్దూ రానివాళ్లకి కూడా అర్థమయ్యేలా తిట్టింది.

రెండువేల తొమ్మిది వానాకాలం అది. స్వైన్ ఫ్లూ, స్వైన్ ఫ్లూ అని టీవీలు పొద్దస్తమానం ఊదరగొడుతున్నాయి. జరీ అంచులు కొనడానికి హైదరాబాద్ వెళ్లొచ్చిన సయీదా వాళ్ల సందు మొత్తానికి మొదటి కేసయింది. నలభై దాటిన మనిషి, భర్త పోయాడు, పిల్లల్లేరు. విజయవాడ వన్ టౌన్‌లో ఒక బట్టల గోడౌన్ మీద మేడగదిలో నాలుగు మిషన్లు వేసుకుని, ఆడపిల్లలకి కుట్టు నేర్పుతూ బతుకుతోంది. అంబులెన్సు వచ్చినప్పుడు సందులోవాళ్లు ఒక్కరూ కిందకి దిగలేదు, అందరూ కిటికీల్లోంచే చూశారు. పంది పేరున్న జ్వరం సాయిబుల ఇంటికే రావాలా అని ఎవరో జోకేస్తే నవ్వులు కూడా వినిపించాయి. గోడౌన్ యజమాని అబ్దుల్ రవూఫ్ అయితే, ఆమె ఇంకా బండి ఎక్కకముందే మెట్ల మీద బకెట్లకొద్దీ ఫినాయిల్ పోయించాడు. ఇరవై ఏళ్లుగా ప్రతి రంజానుకీ ఆమె చేతి షీర్‌ఖుర్మా తిన్న మనిషి.

వార్డంటే అసలు వార్డు కాదు. కాలవ గట్టున చాన్నాళ్లుగా మూసి ఉన్న హాస్టల్ బిల్డింగుని దులిపి మంచాలు వేశారు. కింద వార్డెన్ గదిలో మాణిక్యం కూచుంటాడు. అంతకుముందు అతను ఓటర్ల పేర్లు కంప్యూటర్లోకి ఎక్కించేవాడు. ఇప్పుడు జ్వరం వచ్చినవాళ్లనీ, వాళ్లు కలిసినవాళ్లనీ ఎక్కిస్తున్నాడు. అతనికి రెండూ ఒకటే పని. ల్యాప్‌టాప్‌లో జిల్లా మ్యాపు, మ్యాపు నిండా ఎర్ర చుక్కలు, చుక్కకీ చుక్కకీ మధ్య గీతలు. ఆ గీతలంటే అతనికి ప్రాణం. వచ్చినవాళ్లందరికీ ఆ తెర తిప్పి చూపించేవాడు, పెళ్లి ఆల్బమ్ చూపించినట్టు.

ఎవరెవర్ని కలిశారని అడిగితే సయీదా దాపరికం లేకుండా చెప్పింది. కుట్టుకొచ్చే పిల్లలు, పాలాయన, జరీ దుకాణంవాళ్లు, చివరికి రైల్లో పక్కన కూచుని ద్రాక్షపళ్లు పెట్టిన ముసలావిడ. ఒక్క ఆదివారం సంగతి మాత్రం మింగేసింది. ఆదివారం ఎక్కడున్నారంటే ఇంట్లోనే అంది.

ఆదివారం ఆమె కూచిపూడిలో ఉంది, చెల్లెలు ఇష్రత్ దగ్గర.

ఇష్రత్ మొగుడు అష్ఫాక్‌కి సయీదా ఇంటి ఎదురుగానే ఆటో స్పేర్ పార్టుల కొట్టుంది. బజార్లో అతనంత మంచివాడు లేడు. చందా అడిగితే కాదనడు, ఎవరి బండి ఆగినా ముందు తనే వెళ్లి చెయ్యేస్తాడు. ఇంట్లోకి వెళ్లి గొళ్లెం పెట్టాక వేరే మనిషి. ఒకసారి సయీదా చెల్లెల్ని తీసుకుని పోలీస్ స్టేషన్‌కి వెళ్తే, వాళ్లు అష్ఫాక్‌నీ పిలిపించి, ముగ్గురినీ కూచోబెట్టి, టీ తాగించి, సంసారమన్నాక సర్దుకుపోవాలని చెప్పి, మొగుడి వెంటే పంపించారు. ఇంటికెళ్లాక ఇష్రత్ ముంజేయి విరిగింది. మెట్ల మీద జారిపడిందని అష్ఫాకే అందరికీ చెప్పాడు, తనే కట్టు కట్టించుకొచ్చాడు.

మూడోనెల కడుపుతో ఉందని తెలిశాక సయీదా ఇంక ఆగలేదు. రెండు బుర్ఖాలు, ఒక సంచీ, ఒక బస్సు. కూచిపూడిలో మార్త అని ఒకామె ఉంది. ఒకప్పుడు సయీదా దగ్గరే కుట్టు నేర్చుకుని, ఇప్పుడు అక్కడ నాట్యం నేర్చుకునే పిల్లలకి డ్రెస్సులు కుడుతోంది. వాళ్లాయన బాలశౌరి లారీ మీద పోతే నెలకోసారి వస్తాడు. ఇష్రత్‌ని ఆమె చేతుల్లో పెట్టి, ఆమె రేషన్ కార్డు జిరాక్స్ మీద ఒక సిమ్ కొనిపించి, సయీదా చెల్లెలికి ఒకే ఒక్క సంగతి పదిసార్లు చెప్పింది.

"పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ అవగానే నేను ఒక్క రింగిచ్చి కట్ చేస్తా. నువ్వూ ఒక్క రింగియ్యి. అంతే. ఒకపూట రాకపోతే కరెంటు లేదనుకో, ఛార్జింగ్ లేదనుకో, ఏమీ అనుకోవద్దు. కానీ రెండో రింగు వచ్చిందంటే మాత్రం ఫోను నా చేతిలో లేదని. ఎత్తొద్దు. సిమ్ తీసి కాలవలో పారేసి, ఉన్నపళాన అక్కణ్నుంచి వెళ్లిపో. ఎక్కడికెళ్తున్నావో మార్తకి చెప్పొద్దు. నాకు కూడా చెప్పొద్దు."

అప్పట్లో ఊరు ఊరంతా మిస్డ్ కాల్స్ మీదే నడిచేది. పాలవాడు వీధిలోకి వచ్చానని ఒక రింగిచ్చేవాడు, కాలేజీకెళ్లిన పిల్ల దిగానని ఒక రింగిచ్చేది. ఎత్తితే తిట్టేవాళ్లు. కాబట్టి ఈ అక్కాచెల్లెళ్ల సంగతి ఎవరికీ వింతగా తోచలేదు. చెల్లెలి నంబరుని సయీదా 'ఫాల్ వర్క్' అని సేవ్ చేసుకుంది. చీరకి ఫాల్ కుట్టే మనిషి నంబరు ఎవరి ఫోన్లో ఉండదు?

చెల్లెల్ని చూడ్డానికి వెళ్లిన ఆ ఆదివారం సయీదాకి గొంతులో కాస్త గరగరగా ఉంది. వానలో తడిశాను కదా అనుకుంది. చెల్లెలి పక్కనే ఒకే చాప మీద పడుకుంది, ఒకే కంచంలో తింది, ఆరోనెల పొట్ట మీద చెయ్యేసి లోపలి తన్నులు లెక్కపెడుతూ నవ్వింది. వచ్చేటప్పుడు చెల్లెలి బుగ్గ మీద ముద్దు కూడా పెట్టుకుంది. మంచమ్మీద పడి ఉంటే ఇప్పుడు అవన్నీ ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి.

డాక్టరు రౌండ్లకొచ్చినప్పుడు, ఊరికే అడుగుతున్నట్టు అడిగింది. "ఇది కడుపుతో ఉన్నవాళ్లకొస్తే ఏమవుద్దండీ?"

"వాళ్లకే ఎక్కువ ప్రమాదమమ్మా. ఊపిరితిత్తులకి పోద్ది. దగ్గు మొదలవగానే మాత్రలు పడితే పర్లేదు. ఎందుకు, అట్టాంటివాళ్లెవరైనా ఉన్నారా మీకు?"

"మాత్రలు నాకిస్తే నేను పంపించుకుంటానండీ."

"నా చేతుల్లో లేదమ్మా. కంప్యూటర్లో పేరుంటేనే మాత్ర బయటికొస్తుంది. మాణిక్యంగారితో మాట్లాడండి," అని ఆయన పక్క మంచానికి వెళ్లిపోయాడు.

సయీదా ఆ మధ్యాహ్నమంతా గోడ వైపు తిరిగి పడుకుని ఆలోచించింది. చెబితే అష్ఫాక్ చెవిన పడుతుంది. అతనికి ఆఫీసుల్లో తెలియనివాడు లేడు. చెప్పకపోతే జ్వరం. చివరికి లేచి గోడ పట్టుకుని మెట్లు దిగి, వార్డెన్ గది కిటికీ దగ్గర నిలబడింది. జీవితంలో మొదటిసారి ఆ మనిషిని అండీ అని పిలిచింది.

"ఒకామె ఉందండీ. కడుపుతో ఉంది. పేరు అడగొద్దు, ఊరు అడగొద్దు. నాకు మాత్రలిప్పించండి, నా మనిషి చేత నేను పంపిస్తా. మీకు పుణ్యముంటది."

మాణిక్యం కుర్చీ ముందుకి జరిపాడు. వెతుకుతున్న చుక్క దొరికినవాడి ఆనందం అది. "అట్టా కుదరదమ్మా. పేరు, వయసు, అడ్రసు, భర్త పేరు. నాలుగూ నింపితే తప్ప ఆ పేజీ ముందుకే కదలదు."

"భర్త పేరెందుకు? జ్వరం ఆమెకొస్తది."

"సిస్టమ్ అడుగుద్దమ్మా, నేనేం చెయ్యను. మీరేం భయపడొద్దు, అంతా గోప్యంగా ఉంటది. నేనూ, కంప్యూటరూ తప్ప మూడో మనిషికి తెలీదు."

"నాకు మీ ఇద్దరి మీదా నమ్మకం లేదు," అంది సయీదా. మర్యాద అక్కడితో సరి.

మాణిక్యం నొచ్చుకోలేదు. సొరుగులోంచి ఆమె ఫోనున్న కవరు తీశాడు. కవర్లోంచే మీటలు నొక్కుకుంటూ, "నేనే అడుగుదామనుకుంటున్నా. ఈ ఫాల్ వర్క్ ఎవరమ్మా? రోజూ సాయంత్రం చేస్తారు, ఒక్క మాటా మాట్లాడరు. చీరల గురించైతే మాట్లాడతారు కదా ఎవరైనా?"

"కుట్టుపని మనిషి. మిస్డ్ కాలిస్తే తనే చేస్తది."

"తనూ మిస్డ్ కాలే ఇస్తోంది," అన్నాడు మాణిక్యం. ఇంక ఆమె వైపు చూడకుండా పచ్చ మీట నొక్కి, స్పీకర్ ఆన్ చేసి, ఫోన్ని బల్ల మీద పెట్టాడు.

ఒక రింగు మోగింది.

"కట్ చెయ్యండి," అంది సయీదా. "చెప్తా, కట్ చెయ్యండి. అన్నీ చెప్తా. బాబ్బాబు, కట్ చెయ్యండి!" కిటికీ ఊచల్లోంచి చెయ్యి దూర్చింది. అందలేదు.

రెండో రింగు మోగింది. మూడోది మోగింది. మాణిక్యం వేలితో బల్ల మీద తాళం వేస్తూ కూచున్నాడు. రింగులన్నీ అయిపోయి తనంతట తనే ఆగిపోయింది. "ఎత్తట్లేదు," అని మళ్లీ నొక్కాడు. ఈసారి స్విచ్ ఆఫ్ అని ఇంగ్లీషులోనూ తెలుగులోనూ చెప్పింది.

"చూశారా? ఏమీ లేనివాళ్లు స్విచాఫ్ ఎందుకు చేస్తారు?" అన్నాడు. గెలిచినవాడి గొంతు.

సయీదా ఊచలు పట్టుకుని నిలబడిపోయింది. తను చెప్పిన మాట చెల్లెలు ఎప్పుడూ జవదాటలేదు, చిన్నప్పట్నుంచీ. ఇప్పుడు సిమ్ తీస్తోంది. ఇప్పుడు సంచీ సర్దుతోంది. ఇంకాసేపట్లో ఆరోనెల పొట్టతో, ఒంట్లో ఈ జ్వరంతో, రోడ్డు మీద ఉంటుంది. దాచుకున్నది మొత్తం ఆ క్షణంలో విలువ లేకుండా పోయింది. అష్ఫాక్‌కి దొరికినా పర్లేదు, ముందు మాత్ర దొరకాలి అనుకుంది. అనుకుని, మొత్తం చెప్పేసింది. కూచిపూడి, మార్త, నాట్యం డ్రెస్సుల మార్తంటే ఎవరైనా చూపిస్తారు, ఇప్పుడే వెళ్లండి, ఈ నిమిషమే వెళ్లండి, ఒక్క నర్సమ్మని మాత్రలిచ్చి పంపండి, చప్పుడు చెయ్యొద్దు అని ఏడుస్తూ చెప్పింది.

మాణిక్యం అంతా ఓపిగ్గా టైపు చేసుకున్నాడు. "ఈ మాట మొదటే చెప్తే ఎంత బావుండేదమ్మా," అన్నాడు.

వాళ్లు వెళ్లింది మర్నాడు. ఆరోజు సాయంత్రం వ్యానుకి డ్రైవరు లేడట. సెల్ కంపెనీవాళ్లు సిమ్ ఎవరి పేరు మీదుందో మెయిల్ చేసేదాకా ఆగాల్సి వచ్చిందట, ఆమె నోటితో చెప్పింది కంపెనీ కూడా చెప్పాలి కదా మరి. పైగా కేబుల్ టీవీ కుర్రాళ్లు కెమెరా తెస్తామన్నారట. ఇంత పని చేసినప్పుడు నలుగురికీ తెలియాలని మాణిక్యానికి మాత్రం ఉండదా? పొద్దున్నే వార్డు వరండాలో ఉన్న టీవీలో, పాట కింద అక్షరాలు పరిగెత్తాయి. వన్ టౌన్ సయీదా కేసులో కొత్త కోణం, కూచిపూడికి చెందిన మార్త ఇంట్లో గర్భిణికి స్వైన్ ఫ్లూ అనుమానం, బయలుదేరిన ప్రత్యేక బృందం. ఆ అక్షరాలు పొద్దంతా తిరుగుతూనే ఉన్నాయి. సయీదా కంచం తోసేసి దుప్పటి ముసుగు పెట్టుకుంది. మూడో మనిషికి తెలియదన్నాడు. జిల్లాకి జిల్లాకే తెలిసింది.

ఆమెకి జ్వరం తగ్గి ఇంటికి పంపేటప్పుడు, మాణిక్యం ఫోను చేతికిచ్చి, కూచిపూడి మనిషి దొరకలేదని చెప్పాడు. "ఫోను మాత్రం ఎప్పుడూ ఆన్‌లోనే పెట్టుకోండమ్మా. మేం మధ్యమధ్యలో చేస్తుంటాం. ఎక్కడున్నారో మాకు తెలుస్తుండాలి."

"నువ్వు బాగుపడవు," అంది సయీదా. అంతకంటే పెద్ద తిట్టు అప్పుడు ఆమెకి తోచలేదు.

ఇంటి మెట్ల దగ్గర అష్ఫాక్ ఎదురొచ్చాడు. దూరంగానే నిలబడ్డాడు, జ్వరమంటే అందరికీ భయమే. "కూచిపూడి దాకా పోయొచ్చాను ఆపా," అన్నాడు మెల్లగా. ఇష్రత్ అక్కని పిలిచే పిలుపే అది. అరిచే అలవాటు అతనికి వీధిలో లేదు. "నేను బండి మీద వ్యాను వెనకే వెళ్లా. కొంచెంలో తప్పిపోయింది. పర్లేదు, మళ్లీ నీకే చేస్తది, ఇంకెవరున్నారు దానికి? నువ్వు ఫోను ఆన్‌లో పెట్టుకో చాలు." ఆ రోజునుంచీ కొట్టులో కూచుని గంటకోసారి ఆమె నంబరుకి మిస్డ్ కాలిచ్చేవాడు. మేడ కిటికీలోంచి రింగు వినిపిస్తే, ఆమె ఇంట్లోనే ఉందని తలూపుకుని పనిలో పడేవాడు.

సయీదాకి ఆ ఫోన్ని నేలకేసి కొట్టాలనిపించేది. కొట్టలేదు. మాణిక్యం ఆన్‌లో పెట్టమన్నాడు, అష్ఫాక్ ఆన్‌లో పెట్టమన్నాడు. వాళ్ల మాట ఎవడికి కావాలి? కానీ ఇష్రత్‌కి నోటికొచ్చిన నంబరు అదొక్కటే. అందుకే కరెంటు పోతే పక్కింటి ఇన్వర్టర్ దగ్గర బతిమాలుకుని మరీ ఛార్జింగ్ పెట్టించేది.

మర్నాడు మార్త వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు. గుమ్మం అవతలే నిలబడి, చేతిలో ఉన్న సంచీ లోపలికి విసిరింది. ఇష్రత్ వదిలేసి వెళ్లిన బట్టలు.

"నీకేం చేశానక్కా నేను?" అంది. "నీ చెల్లెల్ని ఇంట్లో పెట్టుకున్నందుకు మా గుమ్మానికి కాగితం అంటించి పోయారు. పాలు పొయ్యట్లేదు. డ్రెస్సుల ఆర్డర్లన్నీ వెనక్కి పట్టుకెళ్లారు. చర్చిలో మా పిల్లని వెనక బెంచీలో ఒక్కదాన్నే కూచోబెట్టారు. టీవీలో నా పేరు చెప్పింది నువ్వే కదా?"

"నేనే," అంది సయీదా. "ఇష్రత్ ఎప్పుడు వెళ్లింది? ముందు అది చెప్పు."

మార్త కోపంగానే చెప్పింది. "డ్యాన్సు డ్రెస్సుకి కుచ్చిళ్లు పడుతోంది. ఫోను మోగింది. మొదటి రింగుకి నవ్వింది, అక్క ఇవాళ పెందలాడే ఇచ్చిందని. రెండో రింగుకి సూది అట్టానే గుడ్డలో గుచ్చి లేచి నిలబడింది. ఒళ్లు కాలుతోందే, రేపు పోదువులే అన్నా. ఆపా చెప్పింది అంది. అంతే. సిమ్ తీసి పొయ్యిలో వేసి, బుర్ఖా తగిలించుకుని వెళ్లిపోయింది. ఎక్కడికే అంటే చెప్పకూడదంది."

"ఒళ్లు కాలుతోందా?"

"దగ్గుతోంది కూడా," అంది మార్త. కాసేపు సయీదా మొహం చూసి, ఇంకా తిట్టాలని వచ్చిన మనిషి తిట్టలేక, మెట్లు దిగి వెళ్లిపోయింది.

సయీదా ఆ గుడ్డల సంచీ ఒళ్లో పెట్టుకుని కూచుంది. మాణిక్యం మీద కోపం, అష్ఫాక్ మీద కోపం, అవన్నీ ఎక్కడికీ పోలేదు. కానీ వాటన్నిటికంటే ఎక్కువగా తన మీద తనకి అసహ్యం వేసింది. ఎవరికీ దొరకకుండా పారిపొమ్మని నేర్పింది తనే. అంత బాగా నేర్పింది కాబట్టే ఇప్పుడు తనకి కూడా దొరకదు.

ఇంకో రెండు రోజులకి, మధ్యాహ్నం పూట, ఫోను ఒక్క రింగు మోగి ఆగింది. అష్ఫాక్ అనుకుని కిటికీలోంచి చూసింది. అతను కొట్టు ముందు ఎవరి ఆటో కిందో దూరి ఉన్నాడు, చేతుల్లో రెంచీ ఉంది. ఫోన్లో నంబరు ఎస్టీడీ కోడుతో ఉంది, ల్యాండ్‌లైను. అంతలో అదే నంబరు మళ్లీ మోగింది. ఈసారి ఆగలేదు. ఒకటి, రెండు, మూడు. ఎత్తొద్దని చెల్లెలికి పెట్టిన నియమం తనకి తనే గుర్తు చేసుకుంది. నాలుగో రింగుకి నియమాన్ని కాలవలో పారేసి ఎత్తింది.

"సయీదా అంటే మీరేనామ్మా?" ముసలి గొంతు, నెమ్మదిగా ఉంది. "నేను సిస్టర్ తెరేసమ్మని. అవనిగడ్డ దారిలో మా మిషన్ ఆసుపత్రి. ఒక్క రింగే ఇమ్మని చెప్పిందమ్మా మీ మనిషి, కానీ ఒక్క రింగులో విషయం ఎట్టా చెప్పేది? ఇన్ని రోజులూ తెలివి లేదు. తన పేరు చెప్పట్లేదు, మీ పేరూ ఈ నంబరూ మాత్రం చెప్పింది. రాగలరా?"

"వస్తున్నా," అంది సయీదా. ఒక్క మాట ఎక్కువ మాట్లాడకుండా పెట్టేసి, ఆ నంబరు ఫోన్లోంచి చెరిపేసింది.

బుర్ఖా వేసుకుంది. ఫోను చేతిలోకి తీసుకుని, ఒక్క క్షణం ఆగింది. తర్వాత దాన్ని కిటికీ గట్టు మీద, ఛార్జరు తగిలించి, సౌండు మొత్తం పెంచి పెట్టింది. మాణిక్యం తెర మీద తన చుక్క వన్ టౌన్‌లోనే ఉంటుంది. అష్ఫాక్ చెవులకి తన రింగు మేడ మీదే వినపడుతుంది. ఇద్దరూ ఫోన్నే కాపలా కాస్తున్నారు కదా, కాసుకోనీ అనుకుంది.

వెనక దారి రవూఫ్ గోడౌన్లోంచే. అతను అడ్డంగా నిలబడి, "ఎక్కడికి? కిందకి రావద్దని చెప్పానా లేదా?" అన్నాడు. సయీదా బుర్ఖా ముసుగెత్తి, అతని మొహం మీదే కావాలని గట్టిగా దగ్గింది. రవూఫ్ లుంగీ ఎగ్గట్టి బట్టల బేళ్ల వెనక్కి ఒక్క గంతు వేశాడు. దారి ఖాళీ అయింది. అన్ని రోజుల తర్వాత ఆమెకి నవ్వొచ్చింది, వచ్చినంత త్వరగానే పోయింది.

బస్సు సందు మలుపు దాటుతుంటే, దూరంగా మేడ కిటికీలోంచి తన ఫోను ఒక్క రింగు మోగి ఆగడం వినిపించినట్టే అనిపించింది. అష్ఫాక్ గంట కొట్టుకున్నాడన్నమాట.

మిషన్ ఆసుపత్రి పెంకుటిల్లు. సిస్టర్ తెరేసమ్మ గుమ్మంలోనే సయీదా చెయ్యి పట్టుకుంది. "మా మిషన్‌వాళ్లు పంపిన మాత్రలు పడ్డాయమ్మా, కానీ ఆలస్యమైపోయింది. ఆమె బతుకుద్ది. బిడ్డ నిలవలేదు. ఆడపిల్ల."

సయీదా తల ఊపింది. ఊపుతూనే ఉంది.

ఇష్రత్ ముక్కుకి గొట్టం పెట్టుకుని పడుకుని ఉంది. మొహంలో కళ్లు తప్ప ఇంకేం మిగల్లేదు. అక్కని చూసి, మొదట చెప్పిన మాట బిడ్డ గురించి కాదు.

"రెండో రింగొచ్చింది ఆపా."

"తెలుసు."

"ఎత్తుదామనిపించింది. నీకేదో అయిందనిపించింది. కానీ నువ్వు ఎత్తొద్దన్నావుగా."

సయీదా మంచం పట్టె పట్టుకుంది. ఎత్తి ఉంటే, అవతల మాణిక్యం ఉండేవాడు. ఒళ్లు వేడిగా ఉందామ్మా, మాత్రలు తెస్తాం, అక్కడే ఉండండి అని చెప్పేవాడు. ఇష్రత్ అక్కడే ఉండేది. మర్నాడు మాత్రలు వచ్చేవి, వ్యాను వెనకే బండి మీద అష్ఫాక్ కూడా వచ్చేవాడు. బిడ్డ ఉండేదేమో. చెల్లెలు ఉండేదో లేదో. ఏది మేలో తేల్చుకునే శక్తి ఆమెకి లేదు, ఆమెని ఈ స్థితికి తెచ్చిన మాణిక్యాన్ని మాత్రం చచ్చేదాకా క్షమించదు.

"మంచి పని చేశావు," అంది చెల్లెలి జుట్టు సవరిస్తూ. "నేను చెప్పినట్టే చేశావు." అని, ఇంక తట్టుకోలేక, ఆ మంచం పక్కనే నేల మీద కూలబడి గట్టిగా ఏడ్చింది.

పొద్దువాలాక సిస్టర్ తెరేసమ్మ పెన్నూ అట్టా పట్టుకుని వచ్చి పక్కన కూచుంది. "ఫ్లూ కేసు కదమ్మా. ఇట్టాంటివన్నీ విజయవాడ కంట్రోల్ రూముకి పంపమన్నారు. పేరూ భర్త పేరూ నువ్వు చెప్పినప్పుడు రాస్తాలే. ఫోన్ నంబరు మాత్రం, ఇందాక నేను చేసిందే రాసుకోనా?"

సయీదా కొంగుతో మొహం తుడుచుకుంది.

"అది తప్పు నంబరండీ," అంది. "మాకు ఫోన్ లేదు."